కొలంబోలో కొన్న తెల్లచీర

మేము మొత్తం ఏడుగురం. ఎవరూ తప్పిపోకుండా ఇద్దరిద్దరు జంటగా నడవండి అని, మమ్మల్ని తీసుకెళ్ళిన మిషను దొరసాని ఓడ దిగగానే చెప్పింది. మిగతా ఆరుగురూ కోస్తావాళ్ళు. తాతల నాటినుంచి విశ్వాసులు. ఒకరికొకరు చుట్టాలో, ఒకే బళ్ళో చదివినవాళ్ళో. జంటలు వాటంతట అవే కుదిరాయి. సిలోనులో ఉన్న మూడు వారాలూ నేను వాళ్ళ వెనక నడిచాను.

నన్ను పంపింది కరీంనగర్‌లోని మా సంఘం ఆడవాళ్ళు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం ఆరాధనకు కొంగున కట్టుకుని తెచ్చేవాళ్ళు. ఏడాది పొడుగునా అలా వచ్చిన బియ్యమే నా దారి ఖర్చు అయింది. అక్కడి స్త్రీల కూడికల్లో నేను సాక్ష్యం చెప్పాలి. నా మాట ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి వాళ్ళ భాషలోకి మారేసరికి ఒకచోట అందరూ నవ్వారు. నవ్వే మాట నేనేం చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.

పొద్దున ప్రార్థనలో ఒక్కొక్కరం ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పేవాళ్ళం. నేను రోజూ మా అవ్వ కోసం, అంటే మా అమ్మ కోసం, అనేదాన్ని.

"ఆవిడ ఇంకా రక్షణలోకి రాలేదాండీ?" అని ఒకామె అడిగింది.

"రాలే," అన్నాను.

నిజానికి నేను అడుగుతున్నది అది కాదు. మాది సాలెవాళ్ళ ఇల్లు. మిషను బడిలో చదువుతూ పద్దెనిమిదో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పటినుంచి అవ్వ నన్ను గడప దాటనివ్వలేదు. ఏడాదికి రెండుసార్లు పోయేదాన్ని. అరుగు మీద కూర్చోబెట్టి అంబలి పోసేది. తను గడపకు లోపల కూర్చుని మాట్లాడేది. పన్నెండేళ్ళుగా అంతే. ఆ గడప ఒక్కసారి దాటనిమ్మని ప్రభువును అడిగేదాన్ని. ఆమె ఆత్మ కోసం ప్రార్థిస్తున్నట్టు నటించి నా కోసం అడుగుతున్నానని సిగ్గుపడేదాన్ని కూడా.

ఏనుగులు ఏట్లో స్నానం చేయడం చూపించారు. మిరియాల తీగలు, జాజికాయ చెట్లు చూపించారు. ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళారు. ఓడలో కడుపులో తిప్పి కళ్ళు మూసుకునే ఉన్నాను గనుక, సముద్రాన్ని నిలబడి చూసింది అప్పుడే. గోదావరిని మించిన నీళ్ళు అంతవరకు ఎరగను. చూడు చూడు అనడానికి పక్కన మనిషి లేదు. కాసేపు చూసి, జంటలన్నీ కదలగానే కదిలాను.

అక్కడి చర్చిలో ఆదివారం ఆడవాళ్ళంతా తెల్లబట్టల్లోనే వచ్చారు. మల్లెలు ఆరబోసినట్టుంది. మరునాడు బజారుకు పోయాం. కోస్తావాళ్ళు తాబేటిచిప్ప దువ్వెనలు, తేయాకు డబ్బాలు, లేసులు కొన్నారు. నేను ఒక్కటే చీర కొన్నాను. సన్నని నూలు, తెలుపు మీద తెల్లదారంతో చిన్న పూలు. ఊరందరికీ ముతక బట్ట నేసే ఇంట్లో అవ్వ కట్టిందీ ముతకే. ఇది చూస్తే ఆమె చెయ్యి ఆగదనుకున్నాను.

"ఎవరికండీ?"

"మా అవ్వకు."

"మంచి పని చేశారు. తెలుపుని మించింది ఏముందండీ!"

నాకూ అలాగే అనిపించింది. మా సంఘంలో పెళ్ళికూతురుకు తెలుపే, బాప్తిస్మానికి తెలుపే. పరలోకంలో సింహాసనం ముందు నిలబడేవాళ్ళు తెల్లని వస్త్రాలు వేసుకుంటారని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

తిరిగి వచ్చిన వారంలోనే ఊరికి పోయాను. లోపల మా నాన్న, బాపు, నేస్తున్న మగ్గం చప్పుడు వినిపిస్తోంది. అరుగు మీద కూర్చుని చీర గడప మీదుగా అందించాను.

"సాలోల్ల ఇంటికి చీర తెచ్చినవా, పిచ్చిదానా! బాయికి నీళ్ళు మోసినట్టు," అని అవ్వ నవ్వింది. నా దగ్గర ఆమె నవ్వి ఎన్నేళ్ళయిందో! బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బట్టను రుద్ది చూసింది. "సన్నం నూలు. మీ బాపు గింత సన్నం ఎన్నడు నెయ్యలే."

తర్వాత అంచు కోసం మడత విప్పింది. ఇంకో మడత విప్పింది.

"అంచేది?"

"అంచు లేదవ్వా. అంతా తెలుపే."

ఆమె చెయ్యి ఆగింది. మగ్గం వైపు తల తిప్పింది.

"మీ బాపు లోపల నేస్తుండు. ఇనవడ్తలేదా?"

అప్పటికి గాని నాకు తట్టలేదు.

"ఎరికుండి తెచ్చినవా?"

"నాకు యాదికి రాలే అవ్వా."

"యాదికి రాలే." మెళ్ళో పుస్తెలు చేతిలోకి తీసుకుని కళ్ళకు అద్దుకుంది. చీరను వేళ్ళ కొసలతో గడప ఇవతలికి తోసింది. "సిలోను కన్న దూరం పోయినవ్ బిడ్డా."

చీర తెచ్చి పెట్టె అడుగున పెట్టాను. ఏ పెళ్ళికూతురుకైనా ఇద్దామనుకునేదాన్ని గాని చేతులు రాలేదు. ఊరికి పోవడం ఏడాదికి ఒకసారి అయింది.

ఐదేళ్ళకు బాపు పోయాడు. శవం లేచిన రోజున వాకిట్లో నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. తొమ్మిదో రోజున బాపు తమ్ముడు, మా కాక, కరీంనగర్ వచ్చాడు.

"రేపు పదో దినం. తల్లిగారోల్లు చీర పెట్టాలె గద. మీ మేనమామలిద్దరు ఎన్నడో పాయె. మీ అవ్వ ఏమంటదంటే, నా బిడ్డ కాడ ఒక తెల్లచీర ఉన్నది, దాన్నే పట్టుకరమ్మనుండ్రి అని."

భర్త పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు పెట్టే చీర అది. అలాంటి కార్యానికి విశ్వాసి పోవచ్చా అని మా సంఘం అయ్యగారిని అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు. ప్రభువును మాత్రం అడిగి, పెట్టె తెరిచాను.

పోయి, అలవాటుకొద్దీ అరుగు మీద కూర్చున్నాను.

"లోపటికి రా," అంది అవ్వ. నొసట బొట్టు లేదు. "తల్లిగారోల్లు అరుగు మీద కూసుంటరా?"

గడప దాటాను. మగ్గం మీద బాపు నేసి ఆపిన బట్ట అలాగే ఉంది. కార్యం జరిగినంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి, మనసులో నా ప్రార్థన నేను చేసుకున్నాను. పిలిచినప్పుడు చీర తీసుకెళ్ళి ఆమె భుజాల మీద కప్పాను. మడతలు పడినచోట పసుపు చారలు తేలాయి. నాఫ్తలీను వాసన గుప్పుమంది.

నేను బస్సుకు బయలుదేరుతుంటే అవ్వ లోపలినుంచే అంది:

"దీన్ని ఉతికిననాడు కట్టుకోనీకి ఇంకొకటి గావాలె. మల్ల గంత దూరం పోకు. ఈడ్నే కొను."