కప్పతల్లి పస్తు

వెంకటరత్నమ్మను ఆ ఊళ్ళో పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. కప్పలామె అంటేనే అందరికీ తెలుస్తుంది. పెద్దారవీడు దగ్గరి ఆ ఊరికి ఆమె కోడలిగా వచ్చేనాటికి మొగుడు అంకన్న బోదురు కప్పలు పట్టి అమ్మేవాడు. కప్పకాళ్ళు ఓడలెక్కి పరదేశం పోయే రోజులవి. లారీ వచ్చేదాకా వారం పది రోజులు దొడ్లో గుంత తీసి, పైన వల కప్పి, వాటిని బతికించడం ఆమె పని. అందుకే బోదురు కప్ప ఏం తింటుందో ఆమెకు తెలిసినంతగా చదువుకున్నవాళ్ళకు కూడా తెలియదు. మిడతలు, కీచురాళ్ళు, జెర్రులు, చిన్న ఎండ్రకాయలు, చిట్టెలుకలు, ఆఖరికి ఆమె పెంచుకున్న కోడిపిల్లలు రెండు. నోట పట్టేదేదైనా మింగుతుంది, తోటి కప్పనైనా సరే. కాకపోతే అది కళ్ళముందు కదలాలి. కదలని తిండి దాని కంటికి రాయితో సమానం.

తర్వాత సర్కారు ఆ వ్యాపారం ఆపేసింది. అంకన్న గొర్రెలు కొన్నాడు, వాటి వెనక తిరిగి తిరిగి ఒకరోజు పోయాడు. పేరు మాత్రం ఆమెను వదల్లేదు. పెళ్ళిళ్ళలో ఆమె పక్కన విస్తరి వేస్తే మొహం చిట్లించి లేచిపోయేవాళ్ళు.

నిరుడు శ్రావణం సగం గడిచినా చినుకు లేదు. కంది మొలకలు మాడిపోతున్నాయి. కప్పతల్లిని తిప్పాలని ఊరు అనుకుంది. రోకలికి వేపమండలతో కప్పను కట్టి ఇంటింటికీ మోసుకెళ్తే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోస్తారు. తొమ్మిది రోజుల మొక్కు. ఆ తొమ్మిది రోజులూ ఎవరూ కోడిని కూడా కొయ్యరు. అంతా బాగానే ఉంది గానీ కప్ప ఏది? పత్తికి కొట్టిన మందులకు అవి ఎప్పుడో పోయాయి. అప్పుడు గుర్తొచ్చింది కప్పలామె.

ఊరి పెద్దమనిషి ఆదినారాయణ స్వయంగా ఆమె గడప దాకా వచ్చాడు.

"అక్కా, నువ్వే దిక్కు. ఎట్లన్నా ఒక కప్పను పట్టియ్యాల."

నలభై ఏళ్ళుగా "ఏమే" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. అక్కా అన్న ఆ ఒక్క మాటకు ఆమె కరిగి నీరైపోయింది. గడ్డపార పట్టుకుని ఎండిన కుంటలో మూడు రోజులు తవ్వింది. మూరెడు లోతున దొరికింది బోదురు కప్ప. నీళ్ళింకినప్పుడు మట్టిలోకి దూరి ఏడెనిమిది నెలలుగా పస్తున్న జీవం. తొడలు పుల్లల్లా ఉన్నాయి.

"దీనికి ముందు తిండి పెట్టాల నాయనా. మిడతలు నేను పట్టుకొస్తా" అని ఆదినారాయణతో చెప్పింది.

"తల్లికి పురుగులా? మొక్కులో ఉండి ప్రాణాలు తీస్తామా? ఏం మాటలక్కా అవి!"

మొదటి రోజు రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి తెచ్చాక, భజనమందిరం వసారాలో ఇత్తడి గంగాళంలో దాన్ని కూర్చోబెట్టారు. పసుపు పూశారు, బొట్టు పెట్టారు, ముందు బెల్లమన్నం పెట్టారు. అది అన్నం వంక చూడలేదు. మూడో రోజు పాలు పెట్టారు, నాలుగో రోజు అరటిపండు. ఊరు ఊరంతా చేతులు జోడించి దాన్ని మాడ్చింది.

ఐదో రోజు, మార్కాపురంలో డిగ్రీ చదివే మనవరాలు భవాని ఫోన్లో వీడియో చూపించింది. ఏదో దేశంలో బోదురు కప్పను అద్దాల పెట్టెలో పెంచుకుంటున్నారు. కీచురాళ్ళకు బలం పొడి అద్ది వదులుతున్నారు, వానపాములు వేస్తున్నారు. ఎలుకపిల్లను మాత్రం ఎప్పుడో ఒకసారే పెట్టాలట, కొవ్వు పడుతుందని.

"చూస్తివా అవ్వా, అచ్చం నువ్వు చెప్పినట్లే!"

వెంకటరత్నమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని పోయి ఆదినారాయణకు ఆ వీడియో చూపించింది. ఆయన ఆసాంతం చూసి ఫోన్ తిరిగిచ్చాడు.

"అది వాళ్ళు పెంచుకునే కప్పమ్మా. ఇది తల్లి."

ఆరో రోజు పొద్దున్నే ఆమె కొంగున మిడతలు మూటగట్టుకుని వసారాకు వెళ్ళింది. ఒకటి గంగాళంలో వదిలింది. కప్ప చటుక్కున కదిలింది, మిడత మాయమైంది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రెండోది తీసేలోగా ఊడవడానికొచ్చిన ఆడవాళ్ళు చూసి కేకలు పెట్టారు. ఆదినారాయణ పరుగున వచ్చాడు.

"నీ బుద్ధి పోనిచ్చుకుంటివి కాదు! మొక్కు మైలపడిపాయ. ఏమే, మళ్ళీ ఈ మెట్టెక్కినావో, బాగుండదు!"

గంగాళం ఎత్తుకుని పోయి ఏ తడి చోటో చూసి దాన్ని వదిలేయొచ్చు. అరిచి గోల చేయొచ్చు. ఆమె ఏదీ చేయలేదు. నోరు మూసుకుంటే మళ్ళీ అక్కా అంటాడేమోనన్న ఆశతో కొంగు దులిపేసి ఇంటికి వచ్చేసింది.

ఎనిమిదో రోజు కప్ప చచ్చిపోయింది. బెల్లమన్నం మీద ముసిరిన ఈగలు దాని మూతి మీద వాలుతున్నా పట్టే ఓపిక లేక పోయింది. కప్పలామె చేతిమైల వల్లే అన్నారు. పదకొండో రోజు సాయంత్రం వాన దంచికొట్టింది. తల్లి ప్రాణమిచ్చి వాన తెచ్చిందని అవే నోళ్ళు అన్నాయి. కంది బతికింది. కొబ్బరికాయలు కొట్టారు.

వెంకటరత్నమ్మ కుంట గట్టున తడుస్తూ కూర్చుంది. ఒకప్పుడు తొలివానకు ఆ కుంటలో కప్పల అరుపులకు పక్క మనిషి మాట వినపడేది కాదు. వాటిని బస్తాలకెత్తిన చేతులు తనవే. ఆ సాయంత్రం వాన చప్పుడు ఒక్కటే వినపడింది.

ఈ ఏడు మళ్ళీ మబ్బు మొహం చాటేసింది. ఆదినారాయణ మళ్ళీ గడప దాకా వచ్చాడు.

"అక్కా, ఇంకొక్క కప్పను..."

ఆ పిలుపు చెవిన పడితే ఆమెకు ఒళ్ళు మండింది. ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ మండింది.

"ఉన్న ఒక్కదాన్నీ తవ్వి మీ చేతిలో పెడితి. మీరు అన్నం పెట్టి సంపితిరి. నేను ఈ అక్కా అనే మాటకు ఆశపడి సంపితి. ఇంక కుంటలో మట్టే ఉండాది, తవ్వుకో పో" అని మూలనున్న గడ్డపార తెచ్చి ఆయన కాళ్ళ ముందు పడేసింది.