జీడితోటలో నేను దిద్దిన ముగ్గులు

ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెప్పేస్తానేమో, సర్దుకుని చదవండి. ఈమధ్య నాకు వరస తప్పుతోంది. కానీ మొన్న ఆదివారం నా చేతి చలవ వల్ల స్కౌటు పిల్లలు జీడితోటలో దారి తప్పి తిరిగారన్నది మాత్రం బాగా గుర్తుంది. నేను మర్చిపోదామన్నా మా ఇంట్లో రోజూ గుర్తు చేస్తున్నారు లెండి!

అసలు గొడవ భోగాపురం దగ్గర మొదలైంది. మా చెల్లెలు పైడమ్మ ఇల్లు అక్కడ. శ్రీకాకుళంలో బస్సెక్కి ఒక్కదాన్నీ వెళ్ళి రావడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. ఆమధ్య వెళ్తే, ఎయిర్‌పోర్టు పనులని రోడ్డంతా మార్చేశారు. నా గుర్తు టీకొట్టు. అది లేదు. దాని పక్కన వేపచెట్టు, అదీ లేదు. అవి ఇప్పుడొస్తాయి, ఇప్పుడొస్తాయి అని చూస్తూ చూస్తూ తగరపువలసలో తేలాను. టీకొట్టు మాయమైతే ఎవరూ ఏమీ అనలేదు. అది కనబడక నేను దిగకపోతే మాత్రం మతిమరుపన్నారు!

అంతే, మా అబ్బాయి సూరిబాబు నా బస్సు ప్రయాణాలు ఆపేశాడు. నేను అలిగాను, అన్నం మానేశాను. చివరికి కాస్త మెత్తబడ్డాడు.

"సరే, ఆదివారం పాప కేంపుకి మాతో రా. అక్కడ తిన్నగా ఉన్నావనుకో, పైవారం భోగాపురం ఒక్కదానివే ఎల్దువుగాని."

అంటే నాకు పరీక్ష! బడి మెట్లెక్కకుండా పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఈ వయసులో పరీక్ష రాసిపెట్టి ఉంది.

పాపంటే నా మనవరాలు హాసిని. పన్నెండేళ్ళు. స్కూల్లో గైడ్స్‌లో చేరక ముందు బల్లిని చూసి మంచమెక్కేది. బూట్ల లేసు వాళ్ళమ్మ పద్మే కట్టాలి. అలాంటి పిల్ల ఆ రోజు తాళ్ళకి ముడులేసి టెంటు నిలబెట్టింది! రాళ్ళ పొయ్యి మీద కిచిడీ వండింది. అది అడుగంటింది. "ఫస్ట్ టైమ్ కదా, సూపర్!" అని పద్మ ఫొటో తీసింది. ఇంట్లో నేను పాలు పొంగిస్తే ఫొటో తియ్యదు. గ్యాసు దగ్గరికి రావద్దంటుంది.

మధ్యాహ్నం పిల్లల్ని వ్యానులో తీసుకెళ్ళి కొండకి అటుపక్క దింపేశారు. ఫోన్లు లేవు, పెద్దవాళ్ళు తోడు లేరు. జట్లు జట్లుగా జీడితోటలోంచి వాళ్ళంతట వాళ్ళే కేంపుకి రావాలట. ఎలా వస్తారన్నది మాకెవరూ చెప్పలేదు. చాలా స్కూళ్ళు కలిసిన కేంపు కదా, హాసిని జట్టులోనే పైడమ్మ మనవరాలు మౌనిక కూడా ఉంది.

"దారి తప్పితేనో?" అన్నాను.

"తప్పాలి మామ్మగారూ! తప్పితేనే కదా ధైర్యం వస్తాది" అన్నారు స్కౌటు మాస్టారు. ఆయన పేరు రాజారావు అనుకుంటాను. ఆ మాట నాకెంత నచ్చిందో! మా సూరిబాబు వైపు చూశాను. వాడు ఫోను చూసుకుంటున్నాడు.

తరవాత ముఖ్య అతిథి మైకు పట్టుకున్నారు, ఇంక వదల్లేదు. నాకు బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. పద్మతో చెప్పే వెళ్ళాను. ఇది మీరైనా గుర్తుంచుకోండి.

తిరిగి వస్తుంటే తోటలోకి వెళ్ళే ఎర్రమట్టి బాట మీద ఏదో తెల్లగా కనబడింది. ముగ్గుపిండితో ఒక సున్నా, దాని మధ్యలో ఒక చుక్క. అంతే! ధనుర్మాసంలో ముగ్గుని అలా అనాథలా వదిలేస్తారా ఎవరైనా? కాస్త ముందుకెళ్తే ఒక బాణం. ఇంకాస్త ముందు, బాట రెండుగా చీలిన చోట, ఒకవైపు బాణం, రెండోవైపు ఇంటూ మార్కు. అతిథుల కోసం పిల్లలు ముగ్గులు మొదలుపెట్టి, చేతకాక వదిలేశారనుకున్నాను. చెట్టు మొదట్లో పిండి సంచీ కూడా ఉంది. ఇంకేం కావాలి!

నడుం వంచాను. ఇంటూ మార్కు నాలుగు రేకుల పువ్వయింది. బాణాలు తీగలయ్యాయి. వెనక్కొచ్చి, సున్నా చుట్టూ మా అమ్మ నేర్పిన పద్మం వేశాను. పువ్వైనా పద్మమైనా ప్రతి రేకు కొసా లోపలికి మెలితిరుగుతుంది, అది మా ఇంటి పద్ధతి. మందుబిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తుండని మనిషిని, ఒక్క గీత తడబడలేదు! తల మర్చిపోతోంది గానీ చెయ్యి ఏదీ మర్చిపోలేదు. అక్కడ ఒక్కదాన్నీ నిలబడి నవ్వుకున్నాను. భోగాపురం బస్సు కళ్ళముందు కదిలింది.

పిల్లలు రావాల్సిన వేళ దాటిపోయింది. మాస్టారు విజిల్ ఊదారు. బదులు లేదు. తల్లులు లేచి నిలబడ్డారు. మాస్టారు బాట వైపు పరిగెత్తి, అక్కడే ఆగిపోయారు.

"ఎవరండీ ఇది సేసింది? గుర్తులన్నీ ఏటైపోయినాయి?"

నేను ముందుకొచ్చి పైట సర్దుకున్నాను. "నేనే బాబూ! బాగుందా?"

మా సూరిబాబు మొహం చూడాలి మీరు! "ఓలమ్మా! ఏటి సేసినావే అమ్మా! అవి ముగ్గులు కావు, దారి గుర్తులు!"

అప్పుడు చెప్పారు నాకు. బాణమంటే ఇటు రండని. ఇంటూ అంటే అటు వెళ్ళొద్దని. సున్నాలో చుక్కంటే ఇల్లు చేరిపోయామని. పిల్లలు పువ్వుని చూసి, అది ఏ గుర్తో తెలీక, గెడ్డ వైపు, అదే వాగు వైపు, దిగిపోయి ఉంటారట. గెడ్డలో నీళ్ళున్నాయి. ఒక తల్లి నన్ను చూసి, "ముసలోళ్ళని ఎందుకు తెస్తారో" అంది, వినబడేలాగే.

వెతకడానికి మగవాళ్ళు బయల్దేరుతుంటే తోటలోంచి పాట వినిపించింది. హాసిని ముందు, మౌనిక వెనక, తక్కిన జట్లు వాళ్ళ వెనక! మోకాళ్ళ దాకా బురద. ఒక్కరి మొహంలోనూ భయం లేదు.

"ఎలా వచ్చారే?" అన్నారు మాస్టారు.

"గెడ్డ దాకా ఎల్లి తప్పని తెలిసి ఎనక్కొచ్చాం సార్. అక్కడ పువ్వుంది. రేకులు లోపలికి మెలితిరిగినాయి. అది మా నానమ్మ ముగ్గు! ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కేంపు దాటి ఎంతో దూరం రాలేదు. ఎడమ సెప్పు ఈడుస్తాది. మట్టిలో ఆ ఈడ్పు గీత ఎటుందో సూసుకుని వచ్చేసినాం."

చప్పట్లే చప్పట్లు! పరిశీలన అన్నారు, నాయకత్వం అన్నారు. ముఖ్య అతిథి తన మెడలోని దండ తీసి హాసిని మెడలో వేశారు. నా ముగ్గు వల్లే దారి తప్పారు, నా ముగ్గు వల్లే దారి దొరికింది. మొదటి సగం అందరికీ గుర్తుంది.

కారులో సూరిబాబు అన్నాడు: "ఇంక భోగాపురం మాట ఎత్తకమ్మా."

"నేను మర్చిపోలేదురా. నాకు తెలీదు. మర్చిపోవాలంటే ముందు తెలిసుండాలి కదా!"

"అదేలే అమ్మా. నువ్వు రెస్టు తీసుకో."

పన్నెండేళ్ళ పిల్ల దారి తప్పితే ట్రైనింగు. నేను తప్పితే జబ్బు. తప్పితేనే ధైర్యం వస్తుందన్న మాస్టారు నన్ను లెక్కలో వేసుకోలేదు కాబోలు.

మర్నాడు పొద్దున్న మా గేటు ముందు హాసిని ముగ్గుపిండితో పెద్ద ఇంటూ మార్కు గీసింది. "నానమ్మా, ఇప్పుడు నీకు తెలుసు కదా. నాన్న గీయమన్నాడు" అంది, ముద్దుపెట్టి మరీ.

అందరూ లోపలికెళ్ళాక దానికి నాలుగు రేకులు వేశాను. పువ్వయింది. మర్చిపోయే మనిషిని కదా, నాకు పువ్వే కనబడుతుంది! బస్సు ఛార్జీ కొంగున ముడేసుకుని, పువ్వు పక్కనుంచి నడిచి గేటు తీయబోయాను.

తాళం! తాళంచెవి ఎవరి దగ్గరుందనుకుంటున్నారు? హాసిని దగ్గర. కేంపు నుంచి వచ్చాక పిల్లకి బాధ్యత తెలిసిందట.

పైడమ్మా, ఇది పదిమందీ చదివే ముందు నీకు వాట్సాప్‌లో పంపిస్తున్నాను. ఆ మాస్టారి పేరు రాజారావో రామారావో మీ మౌనికనడిగి చూడు, తక్కిన పేర్లు కూడా సరిచూడు. తప్పులుంటే నాకే ఫోన్ చెయ్యి. మా సూరిబాబుతో మాత్రం అనకు.