ఆకుమచ్చకి చెట్టు నరకనివ్వని ఆశత్త

మా ఊరి ఆశా కార్యకర్త పోయిన వారం చనిపోయింది. కొయ్యూరు సంత నుంచి వస్తుంటే ఘాట్ రోడ్డు మలుపులో జీపు బోల్తా పడింది. బండరాయికి తల పగిలింది. ఊరంతా ఆమెని ఆశత్త అనేవాళ్లం. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. అందుకే ఫోన్లో రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మా అక్కకి ఇరవై రెండు. పిల్లల్లేరు. ఆశత్త పరీక్షకి తీసుకెళ్తే గర్భసంచి మూతి మీద మచ్చ కనబడింది. విశాఖలో డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్ష చేయించింది. ఇది క్యాన్సర్ కాదు, ఈ వయసులో చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, కానీ ఏటా తప్పకుండా చూపించుకోవాలి అంది. మా బావ నమ్మలేదు. కొండ దిగువన ఒక నర్సింగ్‌హోంలో సంచి తీసేస్తామన్నారని జీపు మాట్లాడాడు. అక్క ఆశత్త ఇంట్లో దాక్కుంది. బావ నా గొంతు పట్టుకుని నొక్కితే నేనే చెప్పేశాను.

తలుపు తన్ని, అక్కని జుట్టు పట్టి ఈడ్చాడు. ఆశత్త జీపుకి అడ్డం నిలబడింది.

"తప్పుకో అత్తా! మా యమ్మ రగతం పోయే సచ్చింది. దీన్నీ సంపేత్తావేటి?"

"మీ యమ్మనెవులూ సూడనేదు నాయినా. దీన్ని సూత్తన్నాం కదా. ఆకుకి మచ్చొత్తే కాఫీ సెట్టు నరికేత్తావేటి?"

బావ కర్రతో కొట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకింకా వినబడుతుంది. కిందపడి కూడా, రెండో చేత్తో చక్రం పట్టుకుంది. పళ్ల నిండా రక్తం.

"మడిసి మీద నుంచి నాను తోలను బాబూ," అని డ్రైవర్ దిగిపోయాడు.

కేసు పెట్టమంటే, "ఆడు జైలుకెల్తే గుంటని ఆసుపత్రికెవుడు పంపుతాడు?" అంది. చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే కాఫీ పళ్లు కోసేది. పరీక్షకి రాని ఆడవాళ్లని కసిరేది: "సిగ్గేటే? పన్ను నొప్పెడితే నోరు సూపించవా?"

నన్ను మాత్రం ఒక్కసారే అంది. "భయానికి నోరిప్పావు గుంటడా. మంచికి కూడా ఇప్పాల మరి."

నిరుడు కాఫీ కోతలప్పుడు తనే అక్కని తీసుకెళ్లింది. మచ్చ తగ్గిందన్నారు.

ఈ ఏడు పరీక్ష ఆమె పోయిన నాలుగో రోజున పడింది. తెల్లారి అక్కా నేనూ రోడ్డు మీద నిలబడ్డాం. జీపు నిండా జనం, ఆగేలా లేదు. బావ ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి రోడ్డుకి అడ్డం నిలబడ్డాడు. ఆ రోజు కర్ర పట్టిన చెయ్యే పైకెత్తాడు. జీపు మోకాళ్లకి జానెడు దూరంలో ఆగింది. అక్క ఎక్కి కూర్చున్నాక కూడా ఆ చెయ్యి దిగలేదు.