వంతులవారీ తారు

ఏడేళ్ళపాటు నేను దొంగల లెక్క సరైనదనీ, నా లెక్క తప్పనీ నమ్మాను. ఇంజనీరింగ్ చదివినవాడికి ఇంత తెలివితక్కువతనం పుట్టుకతో రాదు, కష్టపడి సంపాదించుకోవాలి. నేను సంపాదించుకున్నాను.

డెబ్బైల చివర్లో, అమెరికా దక్షిణాదిలో ఒక రాష్ట్ర రహదారుల శాఖలో నా పని ఎస్టిమేట్లు వేయడం. ఫలానా రోడ్డుకి కంకర ఎంత, తారు ఎంత, లారీలు ఎంత దూరం తిరగాలి, కూలి ఎంత అని లెక్కగట్టి, న్యాయమైన ధర ఒకటి కవర్లో పెట్టి సీలు వేసేవాణ్ణి. తర్వాత కాంట్రాక్టర్ల టెండర్లు తెరిచేవాళ్ళం. అందరికన్నా తక్కువ రాసినవాడికి పని. ఆ అందరికన్నా తక్కువ కూడా ప్రతిసారీ నా ధర మీద బాగా ఎక్కువే ఉండేది.

నాకు అనుమానం వచ్చింది. కాంట్రాక్టర్ల మీద కాదు, నా మీద. వీళ్ళ దేశం, వీళ్ళ రాళ్ళు, వీళ్ళ తారు. నిన్నగాక మొన్న విమానం దిగినవాడికి వీటి ధర ఏం తెలుస్తుంది? అందుకని ఏటా నా ధర కాస్త పెంచుకుంటూ పోయాను. నేను మెట్టు ఎక్కితే వాళ్ళు మేడ ఎక్కేవారు.

ఆ కాంట్రాక్టర్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆదివారం చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుని తిరిగేవాడు, సోమవారం మా ఆఫీసుకి డోనట్ల పెట్టె పట్టుకొచ్చేవాడు. టెండర్లు తెరిచిన రోజున నా భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, నీ లెక్కలు చూస్తే ముచ్చటేస్తుంది. కాకపోతే మా మార్కెట్ నీకింకా ఒంటబట్టలేదు," అనేవాడు. నేను సిగ్గుపడి ఇంకో డోనట్ తినేవాణ్ణి.

మార్కెట్ సంగతేమో గానీ డోనట్లు మాత్రం బాగా ఒంటబట్టాయి.

ఆయన మాట మా బాస్‌కి ఎంత నచ్చిందంటే, నా వార్షిక నివేదికలో ఎక్కించేశాడు: "మార్కెట్‌ను అర్థం చేసుకోవడంలో బలహీనుడు." ఆ ఒక్క వాక్యంతో సీనియర్ ఇంజనీరు పదవి రెండుసార్లు నా పక్కనుంచే వెళ్ళిపోయింది. ఈ ఏడు కూడా లెక్క కుదరకపోతే నన్ను పాత మ్యాపులు దాచే గదికి పంపాల్సి వస్తుందని బాస్ ఎంతో మర్యాదగా చెప్పాడు.

తప్పెక్కడుందో పట్టుకుందామని ఒక శనివారం ఏడేళ్ళ టెండర్ పట్టికలూ ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. అదే టేబుల్ చివర మా ఆవిడ పాట్‌లక్ లిస్టు రాసుకుంటోంది. మా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళం పది కుటుంబాలు. నెలకోసారి తలా ఒక వంటకం తెచ్చుకుని అందరం కలిసి తినేవాళ్ళం. ఈసారి పెద్ద వంట ఎవరి వంతో, పేపర్ ప్లేట్లు ఎవరు తేవాలో నిర్ణయించే అధికారం ఆవిడది. ఆవిడ మెడ చాచి నా పట్టికలు చూసింది.

"ఏమండీ, మీ వాళ్ళూ పాట్‌లక్ పెట్టుకుంటారా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"పని ఎవరెవరికి వచ్చిందో చూస్తే వంతులు కనిపిస్తున్నాయిగా. ముందు ఈయన, తర్వాత ఆయన, ఆ తర్వాత మీ డోనట్ల పెద్దాయన, మళ్ళీ మొదటాయన. ఒకళ్ళు వండుతున్నారు, మిగతావాళ్ళు పేపర్ ప్లేట్లు తెస్తున్నారు."

"అది పోటీ. నీకు తెలీదు."

"పోటీ అయితే ఎప్పుడో ఒకసారైనా ఇద్దరు పులిహోర తెచ్చేవాళ్ళు కదండీ. మనం లిస్టు పెట్టుకోకముందు ఒకేరోజు నాలుగు పులిహోరలు వచ్చాయి, మర్చిపోయారా? వారం రోజులు మీరే తిన్నారు."

నేను మర్చిపోలేదు. నా కడుపు అసలే మర్చిపోలేదు. ఆ పట్టికల్లో ఏడేళ్ళలో ఒకే పనికోసం ఇద్దరు నిజంగా పోటీపడ్డ దాఖలా, అంటే రెండో పులిహోర, ఒక్కటీ లేదు.

సోమవారం బాస్‌కి చెప్పాను. "పాట్‌లక్ చూసి పెద్దమనుషుల్ని అనుమానిస్తావా?" అన్నాడు, నోట్లో డోనట్ ఉండగానే.

కొన్ని నెలలకి ఫెడరల్ లాయర్లు వచ్చారు. పక్క రాష్ట్రంలో ఇలాంటి వంతుల్లోనే దొరికిన ఒక కాంట్రాక్టరు మా వాళ్ళ పేర్లు కూడా చెప్పాడట. నేను పెంచకముందు వేసిన అసలు ఎస్టిమేట్లు కావాలన్నారు. ఆఫీసులో లేవు. మా గరాజ్‌లో ఉన్నాయి. పాత కాగితం పారేయలేని జబ్బు జన్మలో మొదటిసారి పనికొచ్చింది. నా మొదటి లెక్కలే సరైనవని వాళ్ళు చెప్పినప్పుడు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

టెండరుకి ముందురోజు కాంట్రాక్టర్లందరూ హైవే పక్కన ఒక మోటెల్ గదిలో కూర్చుని, వేయించిన కోడి తింటూ ఈసారి ఎవరి వంతో తేల్చుకునేవారట. ధరలు కూడబలుక్కోవడం ఈ దేశంలో జైలుకి పంపేంత నేరమని నాకప్పుడే తెలిసింది. పెద్దాయనకి ముందే తెలుసు. అందుకే గది గుమాస్తా పేరు మీద తీసుకునేవాడు. మామూలు దొంగకి గోడ దూకే ధైర్యమైనా ఉండాలి. వీళ్ళు పక్కవాడితో పోటీపడే ధైర్యం కూడా లేక దొంగలయ్యారు. రోడ్డుకి పూయాల్సిన తారు ఏడేళ్ళు నా మొహానికి పూశారు.

పెద్దాయన కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. నాకు సీనియర్ పదవి వచ్చింది. నివేదికలోని ఆ వాక్యం తీసేయమని అడిగితే, "రికార్డు మార్చడం నిజాయితీ కాదు," అన్నాడు బాస్.

శిక్ష వేయడానికి ముందు పెద్దాయన మా ఇంటికి ఫోన్ చేశాడు. "బాబూ, నువ్వు దేవుడంటే భయమున్న మనిషివి. అందరి పిల్లలూ తినాలి కదా అని చేశాం. నా గుణం గురించి జడ్జిగారికి ఒక మంచి ఉత్తరం రాయవా?"

తప్పకుండా రాస్తానన్నాను. రాశాను.

"ఈయన ఎంతో క్రమశిక్షణ గల మనిషి. ఏడేళ్ళలో తన వంతు కాని పని ఒక్కటీ తీసుకోలేదు, తన వంతు వచ్చిన పని ఒక్కటీ వదులుకోలేదు. ఇప్పుడు మళ్ళీ ఆయన వంతు వచ్చింది. ఏ పనినీ గడువుకి ముందు ముగించడం ఆయనకు అలవాటు లేదు. కోర్టువారు ఆ అలవాటును గౌరవించ ప్రార్థన. అయితే ఇలాంటి విషయాలు అర్థం చేసుకోవడంలో నేను బలహీనుణ్ణని మా శాఖ అభిప్రాయం. సంబంధిత నివేదిక నకలు జతపరిచాను."

ఒక కాపీ మా బాస్ టేబుల్ మీద పెట్టాను. ఇంకో కాపీ సోమవారం పొద్దున్నే పెద్దాయన ఆఫీసులో స్వయంగా ఇచ్చి వచ్చాను, డోనట్ల పెట్టెలో పెట్టి.