పద్నాలుగో నంబరు గదిలో ఆకుల పొగ

మా నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసేవారు. ఫలానా ఇంట్లో దయ్యం తిరుగుతోందని ఎవరైనా వస్తే, "ముందు ఫ్యూజు చూడండి" అనేవారు. నేను ఆయన కూతుర్ని. దయ్యాల మాట అటుంచి, మనుషుల్నే ఒక పట్టాన నమ్మను. తలుపుకి తాళం వేశానని మా ఆయన చెప్పినా కారు దిగి వెళ్లి లాగి చూసొస్తాను.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకూడదని.

మాది ఒంగోలు. ఇప్పుడు క్వేకర్స్ హిల్‌లో ఉంటున్నాం. అక్కడికి ఇరవై నిమిషాల దూరంలో నా ఉద్యోగం. చాలాకాలం రోడ్ల మీద, కార్లలో పడుకున్నవాళ్ళకి సొంతంగా ఒక చిన్న ఫ్లాట్ ఇచ్చి, కింద అంతస్తులో మాలాంటి స్టాఫ్‌ని పెట్టి నడిపే బిల్డింగు అది. ఉండేవాళ్ళలో సగం మంది అబొరిజినల్ మనుషులు, అంటే ఈ దేశపు మూలవాసులు. వాళ్ళ కోసం వారానికి రెండు రోజులు జాయ్ ఆంటీ వచ్చేది. కూర్చుని కబుర్లు చెప్పించడం, ఊళ్ళో ఉన్న బంధువులతో మాట్లాడించడం, చావు కార్యాలు దగ్గరుండి చూడటం ఆవిడ పని. మా కాగితాల్లో దాని పేరు కల్చరల్ సపోర్ట్. వాళ్ళలోనూ పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు.

పోయిన చలికాలం పద్నాలుగో నంబరులో ఉండే పెద్దాయన నిద్రలోనే పోయారు. ఆయన పేరు కొంతకాలం పలకవద్దని వాళ్ళవాళ్ళు అడిగారు. అందుకే ఇక్కడా రాయడం లేదు. ఎదురుగా పదిహేనులో ఉండే డాట్ ఆంటీ ఆయన చెల్లెలు.

మూడో రోజు డాట్ ఆంటీ ఆఫీసుకి వచ్చింది. కొత్తవాళ్ళు రాకముందు ఆ గదిలో గమ్ ఆకుల, అంటే యూకలిప్టస్ ఆకుల పొగ వేయాలని, అప్పుడే అన్న కుదురుగా వెళ్తాడని చెప్పింది. పై ఆఫీసు నుంచి ఆ గది త్వరగా నింపమని అప్పటికే రెండు మెయిళ్ళు వచ్చాయి. పొగ వేస్తే అలారం మోగుతుంది, ఫైరింజన్ వస్తుంది. అలారం ఆపించడానికి పర్మిషన్ రావాలంటే రెండు వారాలు పడుతుందని చెప్పేశాను.

జాయ్ ఆంటీని పిలిచి, పొగ లేకుండా ఉత్తి ఆకులతో కానిచ్చేయమన్నాను.

"నిప్పు లేకుండా ఆకులు ఊపితే అది గార్డెనింగ్ అవుతుంది బబ్," అంది. ఆవిడ అందర్నీ ముద్దుగా బబ్ అనే అంటుంది. ఆకుల కట్ట నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఫారంలో "కల్చరల్ సపోర్ట్ అందించారా?" అన్న చోట అవును అని టిక్ పెట్టాను.

వారం తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆ వరండాలో ఆకులు కాలిన వాసన. తాళం తీసి చూస్తే గది ఖాళీ. కిటికీ నాలుగు వేళ్ళ కంటే ఎక్కువ తెరుచుకోదు. నేల మీద మాత్రం బూడిద, సగం కాలిన ఆకులు రెండు. పైన అలారం పచ్చ లైటు వెలుగుతూ నోరు మూసుకుని ఉంది.

ఇందులో ఆలోచించడానికి ఏముంది? డాట్ ఆంటీ ఎలాగో తాళం సంపాదించి తన పని కానిచ్చుకుంది అనుకున్నాను. వార్నింగ్ లెటర్ ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివి, నాలుగు మడతలు పెట్టింది.

"చేసుంటే చేశాననే చెప్పేదాన్ని అమ్మాయ్. నాకు దాపరికం ఎందుకు?"

నేను నమ్మలేదు. గురువారం మళ్ళీ వాసన, మళ్ళీ బూడిద. రెండో లెటర్. మూడోది ఇస్తే కేసు ట్రిబ్యునల్‌కి వెళ్తుంది, ఫ్లాట్ పోతుంది. ఇక్కడికి రాకముందు డాట్ ఆంటీ నాలుగేళ్ళు పాత కారులో పడుకుంది. ఆ ఫైలు చదివింది నేనే. చదివి కూడా లెటర్ ఇచ్చాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "ముందు ఆ డిటెక్టర్ చెక్ చేయించవే. ఫాల్టీ అయ్యుంటుంది. ఊరికే ఆ పెద్దావిడ మీద పడతావేం?" అన్నారు. మా నాన్న కూడా అదే అనేవారు. మర్నాడు టెక్నీషియన్ వచ్చి కింద నుంచి డబ్బాతో పొగ కొట్టాడు. రెండు సెకన్లలో బిల్డింగు అదిరిపోయేలా మోగింది. లోపం ఏమీ లేదని రాసిచ్చాడు.

అప్పుడు జాయ్ ఆంటీ మీద కూడా అనుమానం వచ్చింది. తాళం మార్పించి, ఉన్న ఒక్క తాళంచెవీ నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. తలుపుకీ గుమ్మానికీ కలిపి టేపు అంటించి, దాని మీద సంతకం పెట్టాను.

తర్వాతి గురువారం మధ్యాహ్నం వాసన ఆఫీసు దాకా వచ్చింది. ఈసారి పట్టుకుంటానన్న కసితో, ముందే టైపు చేసి పెట్టుకున్న మూడో లెటర్ తీసుకుని మెట్లెక్కాను. టేపు చెక్కుచెదరలేదు. సంతకం మధ్యలో విరగలేదు. టేపు చింపి తలుపు తీశాను.

కిటికీలోంచి పడుతున్న ఎండలో పొగ కదలకుండా నిలబడి ఉంది. నేల మీద ఒక ఆకు అంచున ఇంకా ఎర్రగా ఉంది. చూస్తుండగానే ఆరిపోయింది. అలారం మోగలేదు.

భయం వేసిందని ఒప్పుకుంటాను. కానీ భయం కన్నా ముందు కోపం వచ్చింది. వెళ్లి పదిహేను తలుపు దబదబా బాదాను. ఎవరూ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పదకొండింటికి డాట్ ఆంటీని డయాలసిస్‌కి కారెక్కించి, చెయ్యి ఊపి పంపింది నేనే.

ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఇంకా మిషన్ మీదే ఉన్నారు, ఇంకో గంట పడుతుందని నర్సు చెప్పింది. అప్పుడు మొదటిసారి వరండా కెమెరా చూశాను. ఆ రోజంతా ఆ తలుపు దగ్గరికి వెళ్లిన మనిషి ఒక్కర్తే. నేను.

మా నానమ్మ పోయినప్పుడు నక్షత్రం మంచిది కాదని పంతులుగారు అంటే, మా అమ్మ ఆ గదికి మూడు నెలలు తాళం వేసింది. ఫ్యూజు చూడమనే మా నాన్న కూడా మారుమాట అనకుండా వరండాలో పడుకున్నారు. డాట్ ఆంటీ నన్ను అడిగింది ఒక్క పూట.

మూడో లెటర్ చింపేశాను. మొదటి రెండూ వెనక్కి తీసుకుంటూ, తప్పు నాదని పేరుతో సహా రాసి ఫైలులో పెట్టాను. అలారం ఆపించడానికి మెయిల్ పెడితే రెండు రోజుల్లో పర్మిషన్ వచ్చింది. నిజం చెప్పాలంటే, అంతకు ముందు నేను అసలు అడగనే లేదు. రెండు వారాలన్నది నా నోటికొచ్చిన లెక్క.

జాయ్ ఆంటీ ఇనప మూకుడులో పచ్చి ఆకులు రాజేసింది. డాట్ ఆంటీ ముందు నడిచింది. నేను బయటే నిలబడితే వెనక్కి తిరిగి, "నువ్వూ రా. ఈ తలుపుకి తాళం వేసింది నువ్వే కదా," అంది. వెళ్లాను. హారతి కళ్ళకద్దుకున్నట్టు రెండు చేతులతో పొగ కళ్ళకద్దుకున్నాను. అలవాటు అలాంటిది. ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఆ గదిలో మళ్ళీ వాసన రాలేదు. కొత్తగా వచ్చినాయన హాయిగా ఉన్నాడు. బూడిద కొంచెం కవర్లో వేసి, తేదీ రాసి దాచాను. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. మామూలు బూడిదే. తాళం నా బ్యాగులో, టేపు మీద నా సంతకం, మోగని అలారం. ఎన్నిసార్లు కూడినా లెక్క తేలడం లేదు.

ఇంకోటి కూడా తేలడం లేదు. డాట్ ఆంటీ డయాలసిస్ మంగళ, గురు, శనివారాలు. మొదటి వాసన మంగళవారం, మిగతా రెండూ గురువారం. మూడుసార్లూ ఆవిడ బిల్డింగులోనే లేదు. ఆ రోజుల పట్టిక నా టేబుల్ ఎదురుగా గోడ మీదే ఉంది. రాసింది నేనే, నా చేతిరాతే. రెండు లెటర్లూ దాని ఎదుటే కూర్చుని టైపు చేశాను. ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.