కిలో లెక్కన కొన్న ఊరు

ఒకసారి నేను ఒక ఊరిని కిలో లెక్కన కొన్నాను. ముప్పాతిక కిలో తూగింది. అందులో ఒక స్టేషను, రెండు సిగ్నలు గదులు, ఒక చర్చి, ఒక నీళ్ల ట్యాంకు, లెక్కపెట్టే ఓపిక లేనన్ని పెంకుటిళ్లు ఉన్నాయి.

అమ్మినవాడు హైదరాబాదులో పాత సామాన్ల వ్యాపారి. బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్న ఎవరో పెద్దమనిషి ఇల్లు ఖాళీ చేస్తే ఆ అట్టపెట్టెలన్నీ ఇతని కొట్లో వచ్చి పడ్డాయి. అతను ముక్కకింత అన్నాడు. రైళ్లను ముక్కల లెక్కనే తీసుకుంటాను గానీ ఇళ్లను మాత్రం తూకానికి ఇమ్మన్నాను. మాది జహీరాబాదులో స్టేషనుకు పోయే దారిలో స్టీలు సామాన్ల అంగడి. వంట గంజయినా గరిటయినా మా దగ్గర కాంటా ఎక్కి దిగాల్సిందే. స్టీలుకు బరువుంటుంది, ప్లాస్టిక్ ఇంటికి ఏముంటుంది? ఆ సంగతి అతనికి కాంటా ముల్లు చూశాక తెలిసింది. అప్పటికే మాట ఇచ్చేశాడు. కోహీరు జామపండ్లు తూచినట్టు ఊరు తూచి సంచిలో పోశాడు. బస్సులో జహీరాబాదు దాకా నవ్వుకుంటూ వచ్చాను.

ఆ నవ్వు సంచి విప్పేదాకే.

అంగడి మీద మాకు ఒక గది ఉంది. అందులో రెండు పాత బల్లలు కలిపి, పైన ప్లైవుడ్ పరిచి, అప్పటికే పట్టాలు వేసి పెట్టుకున్నాను. మా ఇంట్లో చెంబు, చాట, కుర్చీ, చివరికి నేను కూర్చునే స్టూలు కూడా ఎవరైనా మంచి ధర చెబితే వెళ్లిపోయేవే. అమ్మకానికి లేని వస్తువులున్న గది అదొక్కటే. చిన్నప్పుడు రైల్లో వచ్చిన గిన్నెల మూటలు విడిపించుకోవడానికి నాన్న వెంట స్టేషనుకు పోయేదాన్ని. పెద్దవాళ్లు మూటలు లెక్కపెట్టేవారు, నేను రైలు పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. యాభై దాటాక ఆ పెట్టెలు నావి కావాలనిపించింది. అంతే.

బొమ్మ రైళ్లకు కొలతలుంటాయని నాకు తెలియక కాదు. అసలు రైలును ఎనభై ఏడో వంతుకు కుదిస్తే ఒక రకం, నూట అరవయ్యో వంతుకు కుదిస్తే ఇంకో రకం, నలభై ఎనిమిదో వంతుకైతే ఇంకా పెద్దది. అట్టపెట్టెల మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. బేరం కుదురుతున్నప్పుడు అక్షరాలు చదివే అలవాటు మా వంశంలో లేదు. మేం తూచి కొంటాం, కొలిచి కొనం. దాంతో నా ఊళ్లో మూడు కొలతలు కలిసిపోయాయి. స్టేషను కప్పు నా పెద్ద ఇంజను కిటికీ దగ్గరే ఆగిపోయింది. ఒక ఇంటి గుమ్మంలోంచి చర్చిని గంటతో సహా లోపలికి తోసేయవచ్చు. రైళ్లు కూడా రెండు కొలతలవే. పెద్దదాని పట్టాల మీద చిన్నది నిలబడదు.

అదే సమయానికి తమ్ముడికి ఆ గది మీద కన్నుపడింది. అంగడి మా ఇద్దరిదీ. పెళ్లిళ్ల సీజను సామాను పెట్టడానికి కింద చోటు చాలడం లేదు.

"అక్కా, పెండ్లిళ్ల మాల్ వస్తున్నది. మీది అర్ర ఖాళీ చెయ్యాలె," అన్నాడు.

చెయ్యనన్నాను. మా మరదలు నవ్వాపుకుంటూ, కనీసం చూడ్డానికి స్టేషనులా ఉన్నా ఏదో అనుకోవచ్చు వదినా అంది. ఆ మాట పట్టుకుని తమ్ముడు బేరం పెట్టాడు. మా పక్కింట్లో ఒక కాకా ఉంటాడు. రైల్వేలో గ్యాంగుమనిషిగా పనిచేసి రిటైరయ్యాడు. జహీరాబాదు, కోహీరు మధ్య పట్టాల మీద ఆయన నడవని స్లీపరు లేదు.

"కాకా చూసి గిది టేషన్ లెక్కనే ఉన్నది అంటే అర్ర నీదే. ఆట సామాను అన్నడనుకో, డబ్బాలల్ల కట్టి అటుక మీద పెడత."

మూడుసార్లు చూపిస్తానన్నాను. ఒక్కసారే అన్నాడు. రెండు దగ్గర తెగింది.

మొదటిసారి కాకా మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాడు. బల్లను పైనుంచి చూడనే లేదు. నేరుగా ముందు అంచు మధ్యకు పోయి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను పట్టా పక్కన ఆనించాడు. లైను వంకర పోయిందేమో చూసేటప్పుడు గ్యాంగువాళ్లు అట్లాగే చూస్తారట. పట్టా తిన్నగానే ఉందన్నాడు. తర్వాత స్టేషను ముందు నేను నిలబెట్టిన ప్లాస్టిక్ మనిషిని చాలాసేపు చూశాడు.

"బిడ్డా, గీ టేషన్ మాస్టర్ లోపటికి ఎట్ల పోతడు? పాకుకుంట పోతడా?"

మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడు మరుసటి రోజు నుంచే ఖాళీ డబ్బాలు పైకి చేర్చడం మొదలుపెట్టాడు. గెలిచినట్టే లెక్క వేసుకుని, కొన్ని సామాను పెట్టెలు కూడా తెచ్చి బల్లకు రెండు పక్కలా గోడల దాకా పేర్చాడు. నేను ఇళ్లను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఎటు జరిపినా అది పాత సామాన్ల కొట్టులాగే ఉంది. ఎనభై ఏడో వంతు ఇళ్లు మళ్లీ కొనుక్కోవచ్చు. ధరలు చూశాను. చూసి ఫోను బోర్లించి పెట్టాను.

దారి దొరికింది కింద, అంగడిలోనే. ఝరాసంగం వైపు నుంచి ఒకామె కొత్తింటి పాలు పొంగించడానికి గంజు కొనుక్కోవడానికి వచ్చింది. ముందున్నవేవీ ఆమెకు ఆనలేదు. వెనక పై వరుసలోకి చెయ్యి చూపింది.

"గా ఎనుక ఉన్నది సూడు, గా పెద్ద గంజు తియ్యి."

స్టూలెక్కి దించాను. నా రెండు అరచేతుల్లో పట్టింది. ఒక్క మనిషికి పప్పు వండుకునే గంజు.

"అవ్వ, గింతేనా? ఆడికెళ్లి సూస్తే గంత పెద్దగ కనవడ్డది," అని నేనేదో మధ్యలో మార్చినట్టు నా చేతుల వైపు అనుమానంగా చూసింది.

మా అంగడి లోతు పదడుగులే. కానీ మా అమ్మ ఉన్నప్పటి నుంచి దాన్ని మెట్లు మెట్లుగా సర్దుతాం. ఒకే తీరు గంజులు, ముందు కింద పెద్దవి, వెనక్కి పైకి పోయేకొద్దీ చిన్నవి. గడపలో నిలబడ్డవాళ్లకు గంజులన్నీ ఒకటే పరిమాణంలో ఉండి, అంగడే దూరందాకా పోయినట్టు కనిపిస్తుంది. అమ్మకు ఇంకో నియమం ఉండేది. పై మెట్ల మీద గిలాస పెడితే చేతి మీద కొట్టేది. "గిలాస పెడితే అంగడి చిన్నగైతది," అనేది. గిలాస ఎంతుంటుందో ప్రపంచంలో అందరికీ తెలుసు. దాని పక్కన నిలబడ్డ గంజు బండారం బయటపడుతుంది. ఇంతకాలం ఆ నియమం పాటిస్తూ వచ్చానే తప్ప, అదొక విద్య అని నాకు తట్టలేదు.

నా ఊళ్లో ఆ ప్లాస్టిక్ మనిషి గిలాస. తలుపులు గిలాసలు. పెద్ద ఇంటి పక్కనున్న చిన్న ఇల్లు గిలాస. ఊరంతా గిలాసలు పరిచి, కాకాను పిలిచి, అంగడి పెద్దదని నమ్మమన్నాను.

ఆమెకు ముందు వరుసలోంచి ఒక పెద్ద గంజు తీసి, అడిగిన ధరకే ఇచ్చేశాను. తమ్ముడు లేచి వచ్చి నా నుదురు ముట్టి చూశాడు.

ఆ వారం మధ్యాహ్నాలన్నీ పైనే గడిపాను. మనుషులందర్నీ ఏరి అగ్గిపెట్టెలో వేశాను. అన్నిటికన్నా పెద్ద ఇంటిని ముందు మూలకు తెచ్చి, గోడ ఒక్కటే కనపడేలా పెట్టాను. పెద్ద రైలు ముందు లైను మీద. దాని వెనక ఎనభై ఏడో వంతు ఇళ్లు నాలుగు. ఆ తర్వాత ఇళ్లు లేకుండా మా ఎర్రమట్టి కట్ట. మట్టిని రవ్వ జల్లెడతో రెండుసార్లు పట్టాను. కట్ట మీద ఎండిన కంది పుల్లలు చెట్లుగా గుచ్చాను. చెట్టుకు కొలత లేదు. గున్న అనుకుంటే గున్న, మాను అనుకుంటే మాను. పెద్ద సరుకుకూ చిన్న సరుకుకూ మధ్య అట్లాంటివే ఉండాలి. కట్ట అవతల, కొంచెం ఎత్తున, చిన్న పట్టాలు, చిన్న స్టేషను, చిన్న ఇళ్లు, అన్నిటికన్నా వెనక చర్చి. రెండు రైళ్లకూ ఒకే నీలం రంగు, ఒకే తెల్ల గీత వేశాను. చిన్నదాని మీద చిటికెడు సుద్దపొడి అద్దాను. మా అంగడిలోనూ వెనక గంజులు కొంచెం మాసి ఉంటేనే ఇంకా దూరంగా కనిపిస్తాయి. దుమ్ము తుడవకపోవడానికి మాకు ఎప్పుడూ కారణం ఉంటుంది.

చిన్న రైలు వెనక నుంచి వచ్చి, మలుపు తిరిగి, కట్ట చాటుకు పోతుంది. అక్కడ దాన్ని ఆపేస్తాను. రెండు గుక్కల ఊపిరి తీసుకున్నాక కట్ట ఈ చివర నుంచి పెద్ద రైలు బయటికి వస్తుంది. మొదట్లో తొందరపడి రెండూ ఒకేసారి కనపడ్డాయి. ఇంకోసారి పెద్దది వచ్చేసింది, చిన్నది ఇంకా బయలుదేరనే లేదు. రెండు చేతులకు రెండు స్విచ్చులు అలవాటు కావడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇదంతా ఒకే ఒక్క చోటు నుంచి చూస్తేనే ఊరు. పక్క నుంచి చూస్తే ముప్పాతిక కిలో ప్లాస్టిక్. కొనేవాడు ఎక్కడ నిలబడతాడో తెలియకుండా సామాను సర్దకూడదు. కాకా ఎక్కడ మోకరిల్లాడో నాకు తెలుసు. అక్కడే ఒక పాత బొంత మడిచి వేశాను, మోకాళ్లకు మెత్తగా ఉంటుందని.

రెండోసారి ఆయన వచ్చినప్పుడు తమ్ముడు, మరదలు కూడా పైకి వచ్చారు. తమ్ముడు తెలివైనవాడు. పక్క నుంచి చూద్దామని బల్ల చుట్టూ తిరగబోయాడు. రెండు పక్కలా దారి లేదు. అతను తెచ్చి పేర్చిన పెట్టెలే అడ్డం. వాటిని చూసి నన్ను చూశాడు. నేను సీరియస్‌గా స్విచ్చులు తుడుచుకుంటున్నాను.

కాకా బొంత మీద మోకరిల్లి, ఒక కన్ను మూసి, పట్టా పక్కన కన్ను పెట్టాడు. నేను ఆయన పక్కనే అంచుకు ఆనుకుని నిలబడి ఎడమ స్విచ్చు నొక్కాను. వెనక చర్చి దగ్గర చిన్న రైలు కదిలింది. స్టేషను దాటింది, మలుపు తిరిగింది, చెట్ల చాటుకు పోయింది. నేను ఆపాను. ఒక గుక్క. రెండు. కుడి స్విచ్చు నొక్కాను.

పెద్ద ఇంజను కట్ట చాటు నుంచి ముక్కు బయట పెట్టగానే కాకా మోకాళ్ల మీదే వెనక్కి జరిగాడు. జరుగుతూ చెయ్యి అడ్డంగా చాపి, నా పిక్కల మీద ఆనించి, నన్ను కూడా వెనక్కి నెట్టాడు.

"జర ఎనుకకు జరుగు బిడ్డా. కోహీరు దిక్కుకెళ్లి బండి వస్తున్నది."

రైలు ఆయన ముక్కు ముందు నుంచి వెళ్లి ముందు మూల పెద్ద ఇంటి దగ్గర ఆగింది. అప్పుడు తన చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాడు. సిగ్గుపడలేదు. మళ్లీ వంగి ఒక కన్ను మూశాడు.

"మళ్లొకసారి రానియ్యి," అన్నాడు.

నాలుగుసార్లు రానిచ్చాను. నాలుగోసారికి మరదలు ఆయన పక్కన బొంత మీద కూర్చుని ఒక కన్ను మూసి ఉంది. తీర్పు అడగాల్సిన పని పడలేదు, కానీ నేను మాత్రం అడిగాను. గెలిచినప్పుడు రసీదు తీసుకోకుండా వదిలితే మా అమ్మ ఒప్పుకునేది కాదు. కాకా నిలబడి, మోకాళ్లు దులుపుకుని, తమ్ముడితో చెప్పాడు.

"గీ టేషన్ల నేను డ్యూటీ చేస్త."

తమ్ముడు వంగి బల్ల కిందికి చూశాడు. మా ఇంట్లో ఓడిపోయినవాళ్లు బేరం ఆపరు, అక్కడే మొదలుపెడతారు.

"సరే అక్కా, అర్ర నీదే. బల్ల కింద సగం ఇయ్యి. మాల్ ఏడ పెట్టాలె?"

మూడో వంతు ఇస్తానన్నాను. ఒప్పుకున్నాడు. అప్పుడు ఇంకో షరతు పెట్టాను. పక్కనున్న పెట్టెలు ఎక్కడివక్కడే ఉండాలి, ఒక్కటి కూడా కదపకూడదు. అతను నవ్వాడు. ఆ సీజనంతా వాటిలోని సామాను ఎవరైనా అడిగితే లేదని చెప్పి పంపించాం.