మేకలు తిన్న కొమ్మ

కామారెడ్డి రోడ్ల ఆఫీసులో ఇంజనీరు నా ఫోను తీసుకుని, ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. పక్కకు ఒరిగిన మా కారు, దాని వెనక రోడ్డు మీద గుంత, గుంత నడిమధ్య నిలబెట్టిన పచ్చటి కొమ్మ.

"ఈ కొమ్మ ఏందమ్మా?"

"వేపకొమ్మ సార్."

"అది నాకు గూడ కనవడ్తుంది. గుంతల కొమ్మ ఉన్నదంటే హెచ్చరిక ఉన్నట్టే గద. మీ ఆయన చూసుకోలే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కొమ్మ కారు పడ్డాక పెట్టింది. తాడ్వాయి దాటాక మలుపు దగ్గర, వాన నీళ్ళు నిండి గుంత ఏదో రోడ్డు ఏదో తెలియకుండా ఉంది. కారు దబ్బుమని దిగబడి ముందు చక్రం మెలిదిరిగిపోయింది. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి కారును పక్కకు నెట్టారు. వాళ్ళలో ఒక ముసలామె వేపకొమ్మ విరుచుకొచ్చి గుంతలో నిలబెట్టింది. ఇంకొకరు పడకుండా మా వైపు ఎవరైనా ముందు చేసే పని అదే. ఫొటో తీయాలన్న తెలివి మాకు ఆ తర్వాత పుట్టింది. ముందు కొమ్మ, తర్వాత ఫోను. ఆ వరుసే మా కొంప ముంచింది.

మా ఆయన దుబాయిలో ఏళ్ళకేళ్ళు పనిచేసి వచ్చాడు. ఇక పోనని చెప్పి, ఈ కారు కొని, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి కిరాయిలు నడుపుతున్నాడు. మేం కట్టిన బీమా ఎదుటివాళ్ళ నష్టానికే తప్ప మా కారుకు పనికిరాదు. సొంతంగా బాగు చేయించుకునే స్తోమత లేదు. కారు షెడ్డులో పడి ఉన్నకొద్దీ ఇంట్లో ఆయన మాట తగ్గిపోయింది. ఒక పొద్దున పెరట్లో నిలబడి దుబాయి ఏజెంటుతో గొంతు తగ్గించి, "వీసా ఏమన్న ఉన్నదా అన్నా?" అనడం విన్నాను. ఆ రోజే నష్టపరిహారం అడగడానికి ఆఫీసు మెట్లెక్కాను. ఆయనకు ఆఫీసులంటే బెదురు, నాకేమో నోరుంది.

ఇంజనీరు ఫోను తిరిగిచ్చాడు. "కొమ్మ తర్వాత పెట్టిండ్రని ఎవరన్న చెప్తే రాసుకుంట. సోమవారం గుంతకాడికి వస్త, రోడ్డు చూసుకునే కాంట్రాక్టరు మనిషి గూడ ఉంటడు. చెప్పేటోళ్ళు లేకుంటే ఫైలు మూసేస్త."

మలుపు పక్కనున్న పల్లెకు పోయి ముసలామెను పట్టుకున్నాను. వచ్చి సారుకు ఒక్క మాట చెప్పమని బతిమాలాను.

"గంత మాటకు బతిమాలుడెందుకు బిడ్డా? ఉన్నదే చెప్త" అంది.

సంతోషంగా ఇంటికొచ్చాను. ఆ ఉన్నదేమిటో అడగాలని మాత్రం తోచలేదు.

సోమవారం అందరం గుంత చుట్టూ నిలబడ్డాం. కాంట్రాక్టరు మనిషి తెల్లటి బూట్లకు బురద అంటకుండా దూరంగా ఉన్నాడు. ఇంజనీరు కాగితం తీశాడు. "అవ్వా, కొమ్మ ఎప్పుడు పెట్టినవు?"

"రోజు పెడ్తనే ఉన్న సారూ."

కాంట్రాక్టరు మనిషి నవ్వాడు. "రోజు ఉంటదట, రాసుకోండ్రి సార్."

"ఉండదు" అంది ముసలామె. "మేకలు తింటయి. ఆ దినం గూడ పొద్దుగాల పెట్టిన, తినిపోయినయి. వీండ్ల కారు పడ్డంక మల్ల పెట్టిన."

"పొద్దుగాల పెట్టింది గద సార్! హెచ్చరికనే గద!" అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

ఇక నా నోరు ఆగలేదు. "మేకలు మేసే కొమ్మనా సార్ మీ డిపార్ట్‌మెంటు బోర్డు? గా మేకలకేమన్న జీతమిస్తుండ్రా?"

"నువ్వుండమ్మా" అని కసిరి, ఇంజనీరు మళ్ళీ ముసలామె వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళనుంచి పెడ్తున్నవ్?"

"వానలు మొదలైనకాంచి సారూ. మా వాడకట్టోళ్ళు శానమంది పడ్డరు."

ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. వానాకాలం మొదట్నుంచి గుంత అక్కడే ఉందని, ఎవరూ పట్టించుకోలేదని ఆయనకు అర్థమైంది. కాంట్రాక్టరు మనిషికీ అర్థమైంది. అతని నవ్వు పోయింది. ఇంజనీరు రాయడం ముగించి సిరా డబ్బా మూత తీశాడు. ముసలామె బొటనవేలు చాచింది.

"ఆగు ముసల్దానా" అన్నాడు కాంట్రాక్టరు మనిషి, బురద సంగతి మరిచిపోయి ముందుకొస్తూ. "సర్కారు రోడ్డు మీద అడ్డం పెట్టుడు నేరం, తెల్సా? వేలిముద్ర వేసినవంటే నీ మీదనే కేసు అయితది."

వేలు గాలిలోనే ఆగిపోయింది.

మా ఆయన ముసలామె పక్కకు వచ్చాడు. "వద్దవ్వా. నువ్వు ఇంటికి పో. మేం ఎట్లనో బతుకుతం" అన్నాడు.

ఆ 'ఎట్లనో' అన్న మాటకు అర్థం అక్కడ నాకొక్కదానికే తెలుసు. వెయ్యమంటే ఆమెకు కేసు, వద్దంటే ఈయన విమానం ఎక్కడం. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వెయ్యాలనే మనసులో మొక్కుకున్నాను.

ముసలామె ఇంజనీరు ముఖంలోకి చూసింది. "సారూ, నన్ను తీస్కపోతే పొద్దుగాల కొమ్మ ఎవరు పెడ్తరు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది, జవాబు కోసం నిలబడింది. ఇంజనీరు గుంత వైపు చూశాడు, కాంట్రాక్టరు మనిషి వైపు చూశాడు.

"నిన్నెవరు తీస్కపోరవ్వా. నేను చెప్తున్న గద. వెయ్యి."

ఆమె వేసింది. గట్టిగా, కాగితం నలిగేలా వేసింది.

"పైకి పంపిస్తమ్మా" అన్నాడాయన నాతో. "మంచిగనే రాసిన. కని పైసలు ఎప్పుడొస్తయో, అసలు వస్తయో రావో, నేను చెప్పలేను."

తిరిగి ఎల్లారెడ్డికి ఆటోలో వస్తుంటే మా ఆయన ఫోను మోగింది. ఏజెంటు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

"లేదన్నా, వస్తలేను" అన్నాడు ఆయన. అవతలి మనిషి ఏదో అడిగాడు. మా ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"కారు ఇంకా షెడ్డులనే ఉన్నదన్నా. అయినా వస్తలేను."